మిత్రుని హితవాక్యము

  

ఈ వార్షిక మహాసభలో ప్రసంగించుటకు నాకు ముప్పాతిక గంట కాలము నొసఁగి, విషయమును నా యిచ్ఛకే విడిచిన ఆహ్వానసంఘమువారికిఁ గృతజ్ఞుఁడను. క్రైస్తవుల ధర్మగ్రంథములయందు మిత్రుని హితవాక్యమునకుఁ గల స్థానమును గూర్చి మాటలాడెదనని నేను వ్రాసి పంపినప్పుడు, రఘువంశమును కౌముదిని బాలురకుఁ జెప్పుకొనుచు వచ్చినవానికి ఈ విషయ మేల యని యొకరిద్దఱు మిత్రులు నవ్విరి. నవ్వవలసిన దేమియు లేదు. మన కులమునందు దేవాలయమునకుఁ బోవు కుటుంబములును గలవు, చర్చికిఁ బోవు కుటుంబములును గలవు. ఒకే తాతకు మనుమలైనవారిలో నొకఁడు తిరుపతికి మ్రొక్కుకొనును. వేఱొకఁడు ఆదివారమునాఁడు బైబిలు చేతఁబట్టుకొని పోవును. రెండవవాఁడు చదువు గ్రంథములో నేమున్నదో మొదటివాఁ డెఱుఁగకుండుటయే నాకు వింతగాఁ దోఁచును. ఇదిగాక యీ విషయమును నేను కోరుకొనుటకు వేఱొక కారణము గలదు. దానిని చివర మనవి చేసెదను.

సొలొమోను పేర వెలసిన హీబ్రూ నీతిగ్రంథమునకుఁ దెలుఁగువారు సామెతలని పేరు పెట్టిరి. మూలభాషలో దానికి 'మిష్లే' యని పేరు. అందలి 'మాషాల్' అను శబ్దమునకు పోలిక, సామ్యము అను నర్థము గలదు. మన సామెత శబ్దము సామ్యతాశబ్దమునుండి పుట్టినదని కొందఱు పండితులందురు. అదియే నిజమైనచో, అనువాదకులు ఎఱిఁగి చేసిరో యెఱుఁగక చేసిరో గాని, పేరు చక్కగాఁ గుదిరినదని చెప్పవలెను. ఈ గ్రంథమున 31 అధ్యాయములు గలవు. వానిలో 25 మొదలు 29 వఱకుఁ గల యధ్యాయములను యూదా రాజైన హిజ్కియా కొలువువారు ఎత్తి వ్రాసిరని యచ్చటనే చెప్పఁబడియున్నది. హిజ్కియా క్రీస్తునకుఁ బూర్వము 8వ శతాబ్ది చివర యెరూషలేమున రాజ్యము చేసినవాఁడు. రాజు కొలువులోని వ్రాయసకాండ్రు భద్రపఱచిన యీ భాగముననే స్నేహితుని మందలింపును గూర్చిన మాటలు విశేషముగా నుండుట యాలోచింపఁదగినది. ముఖస్తుతి యెక్కువగాఁ జెల్లుబడి యగు తావు రాజుల కొలువే గదా!

ఆ భాగమున 27వ అధ్యాయము చదువుఁడు. గుండెలో దాఁచుకొన్న ప్రేమకంటె నోటఁ బలికిన మందలింపే యుపకారి యని యచ్చటి తాత్పర్యము. ఆ వెంటనే, పగవాఁడు కురిపించు ముద్దులకును ప్రేమించువాఁడు కొట్టిన దెబ్బకును భేదము చెప్పఁబడినది. ఆ దెబ్బ నమ్మఁదగినదఁట! మూలమున నిచ్చట వాడిన పదము స్నేహితునకు సామాన్యముగా వాడు 'రేయ' శబ్దము గాదు. 'ఓహేవ్' అనునది, అనఁగాఁ బ్రేమించువాఁడు. నమ్మఁదగిన దనుటకు వాడిన 'నెయెమాన్' అను పదమును, ప్రార్థనాంతమున క్రైస్తవులు పలుకు 'ఆమేన్' అను పదమును ఒక్క ధాతువునుండియే పుట్టినవి. కాఁబట్టి మిత్రుఁడు చేసిన గాయము, తగిలించుకొన్నవాఁడు తుదకు తథాస్తు అని యొప్పుకొనఁదగిన గాయమని నేను భావించుకొందును. వ్యాకరణము చదివినవాని చాపల్యమును సభవారు క్షమింతురుగాక. మన పాణినియు నిట్టి సూక్ష్మమునే యొకటి చూపెను. సుహృత్, దుర్హృత్ అను రూపములను మిత్రుఁడు, శత్రువు అను నర్థములయందే యాయన సాధించెను. ఊరికే మంచిమనసు గలవానిని సుహృదయుఁ డనవలెను గాని సుహృత్తనరాదు. లోకమునందు సుహృదయులు పెక్కుమంది. నాకు సుహృత్తు ఒకఁడో యిద్దఱో.

అదే యధ్యాయమున మఱియొక చమత్కార మున్నది. తెల్లవాఱకుండనే లేచి పెద్దగొంతుతో స్నేహితుని దీవించువాని దీవెన శాపముక్రిందనే జమకట్టఁబడునని దాని యభిప్రాయము. ఆ కాలమున ధ్వనివర్ధక యంత్రములు లేవు. ఉన్నచో ఆ నీతికర్త యింకను నేమి వ్రాసియుండునో! ఈ వేదికపై ఉదయమునుండి కప్పఁబడిన శాలువలను నేను లెక్కపెట్టలేదు. కప్పించుకొన్నవారిలో నేనును ఒకఁడనే గనుక లెక్కపెట్టు నధికారము నాకు లేదు. సన్మానము తప్పు గాదు. అయితే సన్మానపత్రము చదివిన నోటితోనే ఎన్నఁడైన నొక లెక్కను గూర్చి ప్రశ్న యడుగఁబడినదా యని మాత్రము మన పాత నివేదికలను తిరుగవేసి చూడవచ్చును.

హితము చెప్పిన మిత్రునకు బైబిలునందు నాకుఁ గనఁబడు నుత్తమోదాహరణము నాతాను ప్రవక్త. కథ సమూయేలు రెండవ గ్రంథమున 11, 12 అధ్యాయములలో నున్నది. దావీదు రాజు తన సైనికుఁడైన ఊరియా భార్యయగు బత్షెబను కోరెను. ఆమె గర్భవతి కాఁగా, ఊరియాను పోరు ముమ్మరమైన చోట ముందు నిలిపి యొంటిగా విడిచి చంపింపుమని సేనాధిపతియైన యోవాబునకు లేఖ వ్రాసెను. ఆ లేఖను మోసికొనిపోయినవాఁడు ఊరియాయే. యోవాబు లేఖను జదివెను, చెప్పినట్లు చేసెను, నోరు మెదపలేదు. ఈ యోవాబు దావీదు అక్కచెల్లెండ్రలో నొకతె కొడుకు, అనఁగా మేనల్లుఁడు. కులసంఘమునఁ గూర్చున్న మన మీ మాటను రెండుసార్లు చదువవలెను. రక్తసంబంధి సర్వము నెఱిఁగియు మిన్నకుండెను. రక్తసంబంధము లేని నాతాను వచ్చి నోరు విప్పెను.

నాతాను విప్పిన తీరును జూడుఁడు. రాజుపై నేరము మోపుచు రాలేదు. ఒక యూర నిద్దఱు మనుష్యులుండిరని కథ మొదలిడెను. ధనికునకు మందలు మందలుగా గొఱ్ఱెలు గలవు. పేదవానికి కొని పెంచుకొన్న ఆడుగొఱ్ఱెపిల్ల యొక్కటియే గలదు. అది వాని కంచమునఁ దిని, వాని గిన్నెలోఁ ద్రాగి, వాని రొమ్మున నిద్రించెడిది. ధనికుని యింటికి అతిథి రాఁగా, ఆ ధనికుఁడు తన మందను ముట్టక పేదవాని పిల్లను పట్టి వండించెను. దావీదు విని మండిపడెను. అట్టివాఁడు మరణపాత్రుఁడనియు, నాలుగింతలు ఇచ్చుకొనవలెననియుఁ దీర్పు చెప్పెను. అప్పుడు నాతాను ఆ ధనికుఁడు మఱెవ్వఁడును గాఁడు, ఆ సింహాసనముపైఁ గూర్చున్నవాఁడే యని తేటపఱచెను. తీర్పు రాజు నోటినుండియే వచ్చినది గనుక రాజునకు తప్పించుకొనుటకు దారి లేదు. దావీదు చిన్నప్పుడు గొఱ్ఱెలు కాచినవాఁడు. గొఱ్ఱెపిల్ల కథ యతని గుండెలో నే మూలను దాఁకునో నాతాను ఎఱుఁగును. చెప్పఁదలఁచిన హితమును విననున్నవాని భాషలోనికి మార్చుకొనుటయే ఆ ప్రవక్త చేసిన పని.

ఈ నాతానును గూర్చి యింకొక సంగతి చాలమంది గమనింపరు. అంతకుముందు దావీదు దేవాలయము కట్టఁదలఁచి యితని నడిగినప్పుడు, నీ మనసులో నున్నదంతయుఁ జేయుమని యితఁడు వెంటనే యొప్పుకొనెను. ఆ రాత్రియే దైవాజ్ఞ వేఱువిధముగా వచ్చినది. మఱునాఁడు నాతాను రాజునొద్దకుఁ బోయి, ముందటి దినము తానాడిన మాటకు విరుద్ధముగాఁ జెప్పెను. నిన్న మెచ్చుకొన్న నోటితో నేఁడు కాదనుట యెంత కష్టమో సలహా చెప్పు వృత్తిలో నున్నవారెల్ల రెఱుఁగుదురు. ఇట్టివానిని దావీదు దూరము చేయలేదు. వార్ధకమున సింహాసనము ఎవరి కను వివాదము వచ్చినప్పుడు బత్షెబతోఁ గూడ రాజు గదిలోనికి వచ్చినవాఁడు నాతానే. దావీదునకు బత్షెబయందుఁ గలిగిన కుమారులలో నొకనికి నాతాను అని పేరున్నట్లు దినవృత్తాంతములు చెప్పుచున్నవి. అది ప్రవక్త పేరే యని గ్రంథము చెప్పదు; అట్లు తలఁచుకొనుట నాకిష్టము.

సలహా చెప్పువాఁడు తోడివాఁడైనంత మాత్రమున మిత్రుఁడు గాఁడని రెహబాము కథ తెలుపుచున్నది. సొలొమోను మరణించిన పిమ్మట షెకెములో ప్రజలు కూడి, వెట్టిచాకిరి భారమును దగ్గింపుమని కొత్త రాజును వేఁడుకొనిరి. రెహబాము మూఁడు దినముల గడువు కోరెను. తండ్రి కొలువున నున్న వృద్ధులు మెత్తగా మాటలాడుమనిరి. తనతోఁ గూడఁ బెరిగినవారు ఇంకను బిగింపుమనిరి. రెండవ మాట రుచించినది. పది గోత్రములు విడిపోయినవి. వెట్టిపనిపై నధికారియై పంపఁబడినవాఁడు రాళ్లదెబ్బలకుఁ జచ్చెను. ఆ తోడివారిని గ్రంథము యౌవనస్థులనుచున్నది. కాని పట్టమునకు వచ్చునాఁటికి రెహబామునకు 41 ఏండ్లని యచ్చటనే యున్నది. కాఁబట్టి తోడివారు ముక్కుపచ్చలారనివారు కారు. నలువదేండ్లు దాఁటినను మన కిష్టమైనదానినే చెప్పు చెలికాండ్రు దొరకుచునే యుందురు.

ఇఁక హితము చెప్పుటలో నిజాయితి యున్నంతమాత్రమునఁ జాలునా? చాలదని రెండు కథలు. యోబు సర్వమును గోల్పోయి బూడిదలోఁ గూర్చుండఁగా, ఎలీఫజు, బిల్దదు, జోఫరు అను మిత్రులు మువ్వురు దూరదేశములనుండి వచ్చిరి. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేలపైఁ గూర్చుండి యొక్క మాటయుఁ బలుకలేదు. వారు చేసిన మేలంతయు నా యేడు దినములలోనే చేసిరి. నోరు తెఱచిన పిమ్మట, పాపము చేయనిదే యింత కష్టము రాదను తమ సిద్ధాంతమును మిత్రుని పుండుపై రుద్దసాగిరి. వారు కపటులు గారు. తాము సత్యమనుకొన్నదానినే పలికిరి. అయినను కథాంతమున దైవకోపము యోబుపైఁ గాక వారిపైఁ బడినది. ఆ మిత్రుల కొఱకు యోబు ప్రార్థించిన పిమ్మటనే యతని కలిమి మరల వచ్చినది. రెండవ కథ పేతురుది. యెరూషలేములోఁ దనకు శ్రమయు మరణమును గలుగునని క్రీస్తు చెప్పఁగా, పేతురు ఆయనను ప్రక్కకుఁ దీసికొనిపోయి వారింపఁజూచెను. రహస్యముగాఁ జెప్పెను, ప్రేమతోఁ జెప్పెను. పద్ధతిలో లోపము లేదు. సలహా మాత్రము తప్పు. క్రీస్తు అతనిని మిక్కిలి కఠినముగా గద్దించెను. అంత గద్దించియు ఆఱు దినములు గడచిన పిమ్మట కొండమీఁదికి వెంటఁబెట్టుకొనిపోయిన మువ్వురిలో ఆ పేతురును జేర్చుకొనెను. సలహాను త్రోసివేయుట, సలహా చెప్పినవానిని త్రోసివేయకుండుట, రెండును ఒకే వారమున జరిగినవి.

మన నడుమ జరిగినదానిని నొకదానిని జెప్పెదను. పేర్లు చెప్పను, ఊరును జెప్పను. మన బంధువొకఁడు, కొద్దిపాటి మాగాణి గలవాఁడు, కూఁతురి పెండ్లి నిశ్చయించుకొనెను. వరకట్నమును నిషేధించు శాసనము 1961లోనే వచ్చినను అది శాసనపుస్తకమున నున్నది, ఇచ్చిపుచ్చుకొనుటలు పందిటిలో నున్నవి. కట్నమునకుఁ దోడు పట్టణములోని కల్యాణమండపము, మూఁడు పూఁటల విందు, బంధువులందఱికి బట్టలు. పొలము తాకట్టు పడినది. దాయాదులు, మేనమామలు, సంఘము పెద్దలు అందఱును ఎఱుఁగుదురు. 'మన కులము పేరు నిలువఁబెట్టితివి' అనిరి. ఒక్కఁడు మాత్రము, చిన్నప్పటి సహాధ్యాయి, చర్చికిఁ బోవు శాఖకుఁ జెందినవాఁడు, చీఁకటిపడినవేళ నొంటిగా నింటికి వచ్చి, 'అన్నా! పొలము పోయినచోఁ బిల్లకు పుట్టిల్లు ఎక్కడిది? పెండ్లి మన యూరనే చేయుము. వరుని తండ్రితో నేను మాటలాడెదను' అనెను. ఆ మాట 'మీ మతములో ఖర్చులు తక్కువ, మా మర్యాదలు నీ కేమి తెలియును' అను నుత్తరమును దెచ్చినది. శుభలేఖ మాత్రము అతని యింటికి రాలేదు. రెండేండ్లు మాటలు లేవు. వడ్డీ పెరిగి, అప్పిచ్చినవాఁడు పొలము వేలమునకుఁ బెట్టించునాఁడు ఆ తండ్రి గడపదాఁటి మొదటఁ బోయినది ఎవరి యింటికో నేను వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. ఆ సహాధ్యాయి పాత సంగతి యెత్తలేదు, లెక్కకాగితములు తెమ్మనెను. ఇద్దఱును గూర్చుండి, అప్పిచ్చినవానితో మాటలాడి, సగము పొలమును దక్కించుకొనిరి. సగము పోయినది. సంఘము పేరు నిలువఁబెట్టితివని మెచ్చుకొన్నవారిలో నా దినమున ఎవ్వరును గనఁబడలేదు.

ఇట్టి హితవు చెప్పుటకు క్రైస్తవ గ్రంథములు ఒక క్రమమును నియమించినవి. మత్తయి సువార్త 18వ అధ్యాయమున దానిని జూడవచ్చును. తప్పు చేసిన సోదరునియొద్దకు ముందుగా నొంటిగాఁ బోవలెను. అతఁడు విననిచో ఒకరిద్దఱిని వెంటఁదీసికొనిపోవలెను. అప్పటికిని విననిచో సంఘమునకుఁ దెలుపవలెను. మన మీ క్రమమును సరిగాఁ దలక్రిందులు చేసితిమి. మొదట నూరంతయు నెఱుఁగును, పిమ్మట సభలో నెఱుఁగుదురు, తుదకు సంబంధించినవానికిఁ దెలియును. స్నేహము దేనిచే విఱిగిపోవునో యూదపండితుఁడైన సీరాకుమారుఁడు లెక్కించిన వానిలో రహస్యము వెల్లడించుట యొకటి. ఆయన గ్రంథము క్రీస్తునకుఁ బూర్వము 2వ శతాబ్దిలో హీబ్రూలో వెలసినది. మనుమఁడు దానిని గ్రీకులోనికిఁ బరివర్తించెను. రోమను కతోలికుల బైబిలునందు చేరియున్నది. మిత్రునిపై నోరు చేసికొన్నను సమాధానపడవచ్చును గాని, రహస్యభేదనమును వెనుకదెబ్బయుఁ జేసినచో నే మిత్రుఁడును నిలువఁడని యాయన యభిప్రాయము. 12వ శతాబ్దిలో ఇంగ్లండునందు రీవో మఠమునకు అధిపతియైన ఏల్రెడు స్నేహమును గూర్చి లాటినున రచించిన సంభాషణగ్రంథమునను ఇవియే గ్రహింపఁబడినవి.

అయితే సభాముఖముననే మందలింపవలసిన సందర్భము లేదా? ఉన్నది, అది యంతియొకయలో జరిగినది. ఈ పట్టణము నేఁటి తుర్కీ దేశమున అంతాక్యా యను పేర నున్నది. 2023 ఫిబ్రవరి భూకంపమున మిక్కిలి శిథిలమైనది. మొదటి శతాబ్ది మధ్యభాగమున నచ్చట యూదులైన విశ్వాసులును, యూదులు గాని విశ్వాసులును ఒక్క పంక్తిని భుజించుచుండిరి. పేతురును వారితోఁ గూర్చుండి భుజించెను. ఇంతలో యెరూషలేమునుండి యాకోబు పక్షమువారు కొందఱు వచ్చిరి. వారికి వెఱచి పేతురు పంక్తినుండి తొలఁగెను. అతఁడు ఏ సిద్ధాంతమును ఖండింపలేదు, ఏ తీర్మానమును జేయలేదు. విస్తరిముందునుండి లేచెను, అంతే. పెద్దవాఁడు లేవఁగాఁ దక్కినవారును లేచిరి. మెత్తని మనసు గల బర్నబాయును లేచెను. అప్పుడు పౌలు అందఱియెదుట పేతురును ముఖాముఖిగా నిలఁదీసెనని గలతీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయమునఁ దానే చెప్పుకొనెను. లేచుట బహిరంగముగా జరిగినది, దాని దెబ్బ తగిలినవారు పంక్తిలో నింకను గూర్చుండియున్నారు. రహస్యముగాఁ జెప్పినచో వారికేమి ఊఱట? పేతురు ఏమి బదులు చెప్పెనో పౌలు వ్రాయలేదు. పేతురు పేర నున్న రెండవ పత్రికలో పౌలు ప్రియసోదరుఁడని పేర్కొనఁబడెను. ఆ పత్రికాకర్తృత్వమునుగూర్చి పండితులకు సందేహమున్నను, ఆ రెండు పేరులను స్నేహముతోఁ గలిపి తలఁచుకొనుట ఆదిసంఘమువారికి ఇష్టమైనదని యైనను దెలియుచున్నది.

ఈ యంతియొకయ వృత్తాంతమే మూఁడువందల యేండ్లకుఁ బైఁబడిన పిమ్మట మఱి యిద్దఱు మహాపండితుల మైత్రికిఁ బరీక్షగా నేర్పడినది. బేత్లెహేమున మఠము నేర్పఱచుకొనిన జెరోము గలతీయపత్రికకు 386 ప్రాంతమున వ్యాఖ్య వ్రాసెను. అపొస్తలు లిద్దఱు నిజముగాఁ గలహించిరనుట ఆయనకు సహింపలేదు. అది సభవారి మేలుకొఱకు ఇద్దఱును గూడఁబలుకుకొని యాడిన నాటకమని వ్రాసెను. ఆఫ్రికాలో, నేఁటి అల్జీరియాలోని అన్నాబా యగు హిప్పో పట్టణమున నున్న అగస్తీను దీనిని జదివి కలఁతపడెను. జెరోము వయసున పెద్ద, భాషాపాండిత్యమున మిక్కిలి పెద్ద. ఇద్దఱును ముఖాముఖిగాఁ జూచుకొన్నవారు గారు. అయినను, గ్రంథములో నొకచోట బొంకున్నదని యొప్పుకొన్నచో వేఱొకచోట నమ్మక మెట్లు నిలుచునని అగస్తీను 395 ప్రాంతమున లేఖ వ్రాసెను. ఆ లేఖ తీసికొనిపోవలసినవాఁడు బిషప్పుగా నియమింపఁబడి, పయనము మాని, త్వరలోనే మరణించెను. కొన్నియేండ్లకు రెండవ లేఖ. అందులో, మునుపు చెప్పినదానిని వెనుకకుఁ దీసికొని పాడిన గ్రీకు కవి కథ నుదాహరించి, అట్లే చేయుమని జెరోమును గోరెను. దానిని తీసికొనిపోవలసినవాఁడు సముద్రయానమునకు వెఱచి నిలిచిపోయెను. లేఖ మాత్రము నిలువలేదు. ప్రతులు రోమునందును ఇటలీయందును వ్యాపించినవి. జెరోము మిత్రుఁడొకఁడు ఆద్రియ సముద్రములోని యొక ద్వీపమున ప్రతిని జూచి బేత్లెహేమునకుఁ దెచ్చెను. తనకు వ్రాసిన లేఖను లోకమంతయుఁ జదివిన పిమ్మట జెరోము చదివెను!

ఆయనకు వచ్చిన కోపమును మనము తేలికగా నూహింపవచ్చును. పేరు కొఱకు పడుచువాఁడు ముసలివానిపైఁ గత్తి దూసెనని ఆయన యనుకొనెను. అలసిన యెద్దుతోఁ దన్నుఁ బోల్చుకొని బెదరించెను. అగస్తీను బదులు వ్రాసి, తానట్టి లేఖను వెల్లడి చేయలేదని నమ్మఁబలికి, క్షమింపుమని వేఁడెను. ప్రశ్నను మాత్రము ఉపసంహరించుకొనలేదు. 404లో జెరోము సుదీర్ఘముగా నుత్తరము వ్రాసెను. మఱుసటి యేఁట నగస్తీను పంపిన జాబులో, సంఘమర్యాదను బట్టి బిషప్పు పదవి పెద్దదైనను పెక్కువిషయములలోఁ దాను జెరోముకంటె చిన్నవాఁడననియు, దిద్దువాఁడు చిన్నవాఁడైనను దిద్దుబాటును ద్రోసివేయరాదనియుఁ దాత్పర్యము వచ్చునట్లు వ్రాసెను. ఇదే కాలమున, విద్యార్థిదశనుండి ప్రాణమిత్రుఁడైన రుఫీనుతో జెరోము పగపట్టి పుస్తకములు వ్రాయుచుండెను. ఆ పుస్తకమును జూచి అగస్తీను పొందిన దుఃఖము ఆయన జాబులో నున్నది. అట్టివారే శత్రువులైనచో నే మిత్రునియందు భరోసా యుంచుకొనవచ్చునని ఆయన భయము. రుఫీనుతో మైత్రి మరల నతుకలేదు. అగస్తీనుతో మైత్రి మాత్రము తెగిపోలేదు. జెరోము 415 ప్రాంతమున రచించిన గ్రంథమున, పేతురు నిజముగా మందలింపఁబడినవాఁడే యను పక్షమునకు వచ్చెనని అగస్తీను తరువాత వేఱొక మిత్రునకుఁ దెలిపెను. ఇరువది యేండ్ల మాట. నేఁటివలె క్షణములో సందేశము చేరు దినములు గావవి. నేఁడైనను మన కులమువారి సెల్‌ఫోను బృందములలో, చేరవలసినవానికంటె ముందు ఆద్రియ ద్వీపమునకుఁ జేరు జాబులు లేవా?

నేను చివర మనవి చేసెదనన్న కారణమునకు వచ్చితిని. మన విద్యార్థివేతననిధి నుండి చర్చికిఁ బోవు కుటుంబముల బాలబాలికలకు ఇకమీఁద సహాయము చేయరాదను తీర్మానమొకటి రేపటి సర్వసభ్య సమావేశమునకు రానున్నది. దానిని ప్రతిపాదించువారి వాదము నేనెఱుఁగుదును. క్రైస్తవులకు వారి సంస్థలు గలవు, అచ్చట సహాయము దొరకును, మన నిధి స్వల్పము, ఆలయమునకు వచ్చు బీదపిల్లలే పలువురు మిగిలిపోవుచున్నారు. ఇది వారి మాట. నిధి స్వల్పమనుట నిజము. ఇతరసంస్థలలో నందఱికిని దొరకుననుట నిజము గాదు. నిధిపత్రమును నేను మరల జదివితిని. మన కులమునఁ బుట్టిన బీదవిద్యార్థులకని యందున్నది. గుడి యను మాట లేదు, చర్చి యను మాట లేదు. ఆ పత్రముపై సంతకములు చేసిన దాతలలో రెండు శాఖలవారును గలరు. నిధి చాలనిచో మార్కులను బట్టియో, ఇంటి యాదాయమును బట్టియో వడపోయవచ్చును, చందా పెంచవచ్చును. పిల్లవాఁడు ఆదివారము ఎక్కడికిఁ బోవునని యడిగి వడపోయుట పంక్తిలోనుండి లేచుటయే. లేచినవాఁడు పేతురంతవాఁడైనను లేచుటయే. పొలము తాకట్టుపడిననాఁడు చీఁకటిలో మన గడపకు వచ్చినవాని కూఁతురు ఈ యేఁట వేతనమునకు దరఖాస్తు పెట్టుకొన్నది.

ఆ తీర్మానమును ప్రతిపాదించుచున్న పెద్దమనిషి నా శిష్యుఁడు. నా కంటె సంఘమునకు ఎక్కువ సేవ చేసినవాఁడు. నిన్న రాత్రి నేను ఆయన యింటికి ఒంటిగాఁ బోయి యీ సంగతులన్నియుఁ జెప్పితిని. ఆయన సావధానముగా విని, 'మాస్టారూ! మీ మాట నాకు నచ్చలేదు, అయినను మీరు సభలోఁ జెప్పుకొనుఁడు' అని కాఫీ యిచ్చి, వీధి మలుపువఱకు దీపము పట్టుకొని వచ్చి సాగనంపెను. అచ్చటఁ జెప్పనిమాట యొక్కటియు నిచ్చటఁ జెప్పలేదు. రేపటి సమావేశమున ముందుగా ఆయన వాదమును సావకాశముగా వినవలసినదనియు, పిమ్మట మొగమాటము లేక చేతులెత్తవలసినదనియు సభవారిని గోరుచు, సెలవు తీసికొనుచున్నాను.